పేరుపొందిన పథ్యాలు: పళ్లెంలో మిగిలేదేమిటి?

ఆరోగ్యం గురించి సలహా చెప్పనివారు లోకంలో అరుదు. అందులోనూ తిండిని గురించిన సలహాకు గిరాకీ ఎక్కువ. జనగామ జిల్లాలోని పాలకుర్తి వంటి మండల కేంద్రంలో సాయంకాలం నలుగురు కూడినచోట వడ్ల ధర, పత్తి ధర తరువాత తప్పక వచ్చే ప్రస్తావన చక్కెర వ్యాధి. దాని వెంట పథ్యం. ఒకరు అన్నం పూర్తిగా మాని కొబ్బరినూనె త్రాగుతున్నామంటారు. వేరొకరు ఉప్పు, నూనె రెండూ విడిచి పచ్చికూరల రసంతో గడుపుతున్నామంటారు. మూడవవారు బియ్యం బదులు అరికెలు, సామలు వండుకుంటున్నామంటారు. ముగ్గురూ బరువు తగ్గామనే చెబుతారు. రక్తంలో చక్కెర తగ్గినట్లు పరీక్షా పత్రాలు కూడ చూపుతారు.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. ఈ మూడు పద్ధతులూ ఒకదానికొకటి విరుద్ధమైనవి. మొదటిది కొవ్వును పెంచమంటుంది. రెండవది నూనె చుక్క వద్దంటుంది. మొదటిది ధాన్యాన్నే విడువమంటుంది. మూడవది ధాన్యాన్ని మార్చితే చాలునంటుంది. విరుద్ధమైన మూడు కారణాలు ఒకే ఫలితాన్ని ఇస్తున్నవంటే, అసలు కారణం ఈ మూడింటిలోనూ దాగి ఉన్న మరొకటేదో కావలెను. దానిని వెదకడం శాస్త్ర విద్యార్థి పని. అది దొరికిన తరువాత, ఏ పద్ధతి ఎంతవరకు గ్రాహ్యమో తేల్చడం కష్టం కాదు.

కొలబద్ద ఏది?

ఒక వస్తువు మంచిచెడ్డలు తేల్చవలెనంటే ముందు కొలబద్ద కావలెను. ఆహార విషయంలో అటువంటి కొలబద్దను తయారుచేసే సంస్థ తెలుగునేలలోనే ఉన్నది. 1918లో కూనూరులో సర్ రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు ఒక చిన్న విభాగాన్ని ప్రారంభించాడు. అది క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరుతో పనిచేస్తున్నది. భారత వైద్య పరిశోధన మండలికి చెందిన ఈ సంస్థ 2024 మే నెలలో భారతీయులకు ఆహార మార్గదర్శక సూత్రాలను కొత్తగా సవరించి ప్రకటించింది. అందులో 17 సూత్రాలు ఉన్నవి.

ఆ సూత్రాల సారాన్ని ఒక పళ్లెం రూపంలో చూపవచ్చును. దినానికి 2000 కేలరీలు అవసరమైన మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, ఆకుకూరలు, కాయగూరలు, దుంపలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, వేరుశనగ వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు కావలెను. మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని ఆ సూత్రాలు చెబుతున్నవి. ఈ పళ్లెంలో ప్రతిదానికీ చోటు ఉన్నది. దేనికీ మితిమీరిన చోటు లేదు.

ఈ కొలబద్ద చేతబట్టుకొని మూడు పథ్యాలనూ ఒక్కొక్కటిగా పరిశీలించవచ్చును.

కొవ్వు పథ్యం

2017, 2018 సంవత్సరాలలో ఉభయ తెలుగు రాష్ట్రాలలోనూ విశేషంగా వ్యాపించిన పద్ధతి విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసినది. అన్నం, రొట్టె, పండ్లు, పప్పులు, చక్కెర విడిచిపెట్టి, దినానికి 70 నుండి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, రెండు విటమిను మాత్రలు తీసుకొనడం దీనికి నాలుగు స్తంభాలు.

ఈ ఆలోచన కొత్తది కాదు. పిండిపదార్థాలు తగ్గించి సన్నబడిన వృత్తాంతాన్ని లండనులో విలియం బాంటింగ్ 1863లోనే ప్రచురించాడు. 1921లో అమెరికాలోని మేయో వైద్యశాలలో రస్సెల్ వైల్డర్ అనే వైద్యుడు మూర్ఛరోగులకు ఇటువంటి కొవ్వు ఆహారాన్ని సూచించాడు. 1972లో ఆట్కిన్స్ అనే మరొక వైద్యుడు దానిని స్థూలకాయులకు ప్రచారం చేశాడు.

పిండిపదార్థం అందనప్పుడు శరీరంలో జరిగేది ఇది. కాలేయంలోను, కండరాలలోను గ్లైకోజన్ అనే రూపంలో 400, 500 గ్రాముల పిండిపదార్థం నిలువ ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజనూ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. మొదటి కొద్దిరోజులలో ఈ నిలువ ఖర్చయిపోగానే ఆ నీరు కూడ మూత్రంగా వెళ్లిపోతుంది. కనుక మొదటివారంలో త్రాసు మీద తగ్గిన రెండు కిలోలను చూచి కొవ్వే కరిగిందని సంతోషించడం తొందరపాటు. అందులో ఎక్కువ భాగం నీరు. తరువాత కాలేయం కొవ్వునుండి కీటోన్లు అనే పదార్థాలను తయారుచేస్తుంది. శరీరం వాటిని ఇంధనంగా వాడుకుంటుంది, ఆకలి మందగిస్తుంది, అప్పుడు నిజంగానే కొవ్వు తగ్గుతుంది.

కాబట్టి ఈ పద్ధతిలో సత్యం లేదనడం న్యాయం కాదు. తియ్యని టీలు, చిరుతిండ్లు, కుప్పగా పోసిన తెల్లన్నం ఒక్కసారిగా నిలిచిపోతే చక్కెర వ్యాధిగ్రస్తునికి మేలు కలగడంలో ఆశ్చర్యం లేదు. కాని తీసివేసిన దాని స్థానంలో పెట్టినది చూడవలెను. నూరు గ్రాముల కొవ్వు అంటే 900 కేలరీలు. మార్గదర్శక పళ్లెంలో నూనె 27 గ్రాములు. ఇక్కడ దానికి రెండున్నర రెట్లనుండి మూడున్నర రెట్ల పైవరకు ఉన్నది. ఆ కొవ్వు కొబ్బరినూనె అయితే చిక్కు మరింత పెరుగుతుంది. కొబ్బరినూనెలో సంతృప్త కొవ్వు దాదాపు 85 నుండి 90 శాతం. 70 గ్రాముల కొబ్బరినూనెలో సుమారు 60 గ్రాములు అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ప్రకారం 2000 కేలరీల ఆహారంలో సంతృప్త కొవ్వు 22 గ్రాములు దాటకూడదు. సంతృప్త కొవ్వు పెరిగితే రక్తంలో చెడ్డ కొలెస్టరాలు పెరగడం, దానివలన గుండె ధమనులకు కీడు కలగడం ఎంతోకాలంగా నిర్ధారితమైన విషయాలు.

ఇక పథ్యంలోనే దినానికి రెండు విటమిను మాత్రలు చేర్చవలసి రావడాన్ని గమనించవలెను. పళ్లెంలో చాలనిది మందు డబ్బానుండి తెచ్చుకోవలసి వస్తున్నదని ఆ పథ్యమే ఒప్పుకుంటున్నదన్నమాట.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం మందుల విషయంలో ఉన్నది. చక్కెర తగ్గించే మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్న మనిషి వైద్యునికి చెప్పకుండ పిండిపదార్థాలు మానితే రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోయి స్పృహ తప్పవచ్చును. అందుకు భయపడి తనంత తానే మందులు మానివేస్తే మరొక ఆపద. చిన్నవయసులో వచ్చే మొదటిరకం మధుమేహంలో శరీరం ఇన్సులిన్‌ను దాదాపు తయారుచేయనే చేయదు. అటువంటివారు ఇన్సులిన్ ఆపితే రక్తం ఆమ్లమయమై కొద్దిరోజులలోనే ప్రాణం పోవచ్చును. మూత్రం ద్వారా చక్కెరను వెళ్లగొట్టే ఒక కొత్తరకం మాత్రలు వాడేవారికి కూడ ఈ పథ్యంతో అటువంటి ఆమ్ల ప్రమాదమే ఉన్నది. పైగా వారి రక్తపరీక్షలో చక్కెర మామూలుగానే కనబడుతూ మోసం చేయవచ్చును.

ఉప్పు, నూనె లేని తిండి

రెండవ పద్ధతికి తెలుగునాట మంతెన సత్యనారాయణరాజు పేరు ప్రసిద్ధం. ఉప్పు, నూనె, పంచదార లేని వంట, పచ్చికూరల రసాలు, మొలకెత్తిన గింజలు, పండ్లు ఇందులో ముఖ్యం. మార్గదర్శక పళ్లెంతో పోల్చితే కూరగాయల విషయంలో ఈ పద్ధతికి మంచి మార్కులే వేయవలెను. సగం పళ్లెం కూరలు, పండ్లు కావలెనన్నది ఇక్కడ పూర్తిగా నెరవేరుతున్నది. ఉప్పు విషయంలో కూడ దీని హెచ్చరిక సమంజసమే. దినానికి 5 గ్రాములకు తక్కువ ఉప్పు వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుండగా భారతీయులు దానికి దాదాపు రెట్టింపు తింటున్నారు. పచ్చళ్లు, అప్పడాలు అలవాటైన తెలుగువారికి ఈ మాట ఎంత చెప్పినా తక్కువే.

అయితే తగ్గించడం వేరు, బొత్తిగా మానడం వేరు. ఈ దేశంలో అయోడిన్ ప్రజలకు అందుతున్నది ప్రధానంగా ఉప్పు ద్వారానే. గొంతువాపు వ్యాధిని అరికట్టడానికి 1962లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం ఉప్పునే సాధనంగా ఎన్నుకున్నది. ఉప్పు పూర్తిగా మానిన ఇంట్లో గర్భిణీ స్త్రీ ఉంటే ఆమెకు అయోడిన్ ఎక్కడనుండి వస్తుందో ముందే ఆలోచించవలెను. గర్భస్థ శిశువు మెదడు పెరుగుదలకు అది అత్యవసరం. చైత్ర, వైశాఖ మాసాలలో వరికోతకు వెళ్లే కూలి మనిషి చెమట రూపంలో ఎంతో ఉప్పు పోగొట్టుకుంటాడు. నీడపట్టున కూర్చుండే ఉద్యోగికి చెప్పిన సలహా అతనికి యథాతథంగా వర్తించదు.

కొవ్వు విషయం కూడ ఇంతే. ఎ, డి, ఇ, కె విటమినులు శరీరానికి పట్టవలెనంటే ఆహారంలో కొంత కొవ్వు ఉండవలెను. నువ్వులు, వేరుశనగలు, కొబ్బరి తినేవారికి అది అందుతుంది. అవి కూడ కొనలేనివారికి అందదు. మరొక హెచ్చరిక మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి. పచ్చికూరల రసాలలో, పండ్లలో పొటాషియం అధికం. పాడైన మూత్రపిండాలు దానిని బయటకు పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఆరోగ్యవంతునికి అమృతంవంటి రసం రోగికి విషం కావచ్చును.

సిరిధాన్యాలు

మూడవ పద్ధతి ప్రొద్దుటూరులో జన్మించి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీ ప్రచారం చేసినది. ఆయనకు 2023లో పద్మశ్రీ లభించింది. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా పాటించినది కూడ అదే ఏడు. కొర్రలు, అండుకొర్రలు, అరికెలు, సామలు, ఊదలు అనే ఐదింటిని సిరిధాన్యాలని పిలిచి, వాటిని మార్చి మార్చి తినమని, ఆకుల కషాయాలు త్రాగమని ఆయన సలహా.

చిరుధాన్యాల గొప్పతనంలో కొంత నిజం ఉన్నది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ప్రపంచంలో అంతకుముందు జరిగిన పరిశీలనలను క్రోడీకరించి 2021లో ప్రకటించిన వ్యాసం ప్రకారం, చిరుధాన్యాలు తినే మధుమేహ రోగులలో రక్తపు చక్కెర 12 నుండి 15 శాతం వరకు తగ్గింది. దీనికి ముఖ్యకారణం పీచు. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం నూరు గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాములు కాగా జొన్నలలో 10, సామలలో 8 గ్రాములకు చేరువగా ఉన్నది.

కాని అదే పట్టికలో పక్క గడిని కూడ చదవవలెను. నూరు గ్రాముల బియ్యంలో 356 కేలరీలు ఉంటే సామలలో 346, జొన్నలలో 334 ఉన్నవి. అంటే శక్తి విషయంలో ఇవన్నీ దాదాపు సమానం. బియ్యం బదులు సామలు అని పేరు మార్చి, పళ్లెంలో కుప్ప మాత్రం అంతే ఉంచితే లాభం స్వల్పం. దేశవ్యాప్తంగా పెద్ద ఎత్తున జరిగిన ఇండియాబ్ పరిశీలనను ఆధారం చేసుకొని 2025లో వెలువడిన వ్యాసం ఈ మాటనే బలపరచింది. భారతీయుల ఆహారశక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాలనుండే వస్తున్నదని, మొత్తం తగ్గించకుండ తెల్లబియ్యం స్థానంలో గోధుమ పిండినో చిరుధాన్యపు పిండినో పెట్టినంత మాత్రాన మధుమేహం ముప్పు తగ్గినట్లు కనబడలేదని, ఆ స్థానంలో కొంత మాంసకృత్తులు చేర్చితే తగ్గినట్లు కనబడిందని అందులో ఉన్నది. పైగా అంగడిలో దొరికే చిరుధాన్యాలలో కొన్ని తెల్లగా మరపట్టినవి. తవుడు పోయిన అరికెలకూ తెల్లబియ్యానికీ తేడా చాలావరకు తగ్గిపోతుంది.

జొన్న నేర్పిన పాఠం

ధాన్యం మార్చినంత మాత్రాన చాలదని తెలంగాణకు మునుపే ఒక చేదు అనుభవం ఉన్నది. వరి ఇంతగా విస్తరించక పూర్వం ఈ మెట్టభూములలో పేదవారి నిత్యాహారం జొన్న గటుక, జొన్నరొట్టె. అన్నం పండుగనాటి వంట. జొన్న పీచు గలది, బలమైనది. అయినప్పటికీ దానినే ప్రధానంగా తిని బ్రతికే దక్కను పేదలలో పెల్లాగ్రా అనే వ్యాధి కనబడేది. ఎండ తగిలిన మెడ, చేతులు నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, మతి చెదరడం దాని లక్షణాలు. నియాసిన్ అనే విటమిను శరీరానికి చాలకపోవడం దీనికి మూలం. హైదరాబాదు పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతయ్య ఈ వ్యాధిని పరిశీలించి, జొన్నలోని ల్యూసిన్ అనే ఆమ్లం అధికంగా ఉండడం ఇందుకు కారణం కావచ్చునని 1960లో ప్రకటించారు. ఆ సిద్ధాంతంపై తరువాత వాదోపవాదాలు జరిగినవి. అయినా ఒక విషయంలో వాదం లేదు. పప్పు, పాలు, ఆకుకూరలు, మాంసం తోడుగా ఉన్న ఇంట్లో అదే జొన్న తిన్నవారికి ఈ రోగం రాలేదు. దోషం జొన్నది కాదు. జొన్న ఒంటరిగా ఉండడమే దోషం. ఈనాడు బియ్యం విషయంలో జరుగుతున్నదీ అదే.

చిక్కు విడిపోవడం

మొదట వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చును. మూడు పద్ధతులలోనూ ఉమ్మడిగా ఉన్నది ఒకటే. చక్కెర, చిరుతిండ్లు, నూనెలో వేగిన పిండివంటలు, అడిగి వడ్డించుకునే అన్నం మూడింటిలోనూ మాయమవుతున్నవి. మొత్తం కేలరీలు తగ్గుతున్నవి. అమెరికాలోని స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయంలో 609 మందిపై ఏడాదిపాటు జరిపిన ప్రయోగం ఫలితాలు 2018లో వెలువడినవి. కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. ఈ తేడా లెక్కలోకి రానిది. రెండు వర్గాలవారికీ చక్కెర, మరపట్టిన పిండి మాని కూరగాయలు ఎక్కువగా తినమని చెప్పి ఉండడం గమనార్హం.

చక్కెర వ్యాధి వెనుకకు మళ్లుతుందన్న మాట కూడ వట్టిది కాదు. బ్రిటనులో 298 మంది రోగులతో జరిగిన ప్రయోగంలో, కేలరీలు బాగా తగ్గించి బరువు దించిన వర్గంలో ఏడాది చివర 46 శాతం మంది మందులు లేకుండనే వ్యాధినుండి బయటపడి ఉన్నారని 2017లో తేలింది. కాని వారందరూ రెండవరకం మధుమేహం వచ్చి ఆరేళ్లు దాటనివారు, ఇన్సులిన్ వాడనివారు. మందుల మార్పు అంతా వైద్యుల పర్యవేక్షణలో జరిగింది. అక్కడ కూడ సగానికి పైగా మందికి వ్యాధి పోలేదు. సభావేదికల మీద మాట్లాడేది నెగ్గినవారు మాత్రమే. మధ్యలో మానినవారు, ఆసుపత్రి పాలైనవారు వేదిక ఎక్కరు. పోల్చి చూడడానికి మరొక వర్గం లేనిదే, విఫలమైనవారి లెక్క కూడ చెప్పనిదే, ఏ సాక్ష్యమూ శాస్త్ర ప్రమాణం కాదు.

పాలకుర్తి పళ్లెం

ఇప్పుడు పాలకుర్తి వైపు తిరిగి చూడవలెను. గింజ విలువ ఈ ఊరికి ఒకరు చెప్పనక్కరలేదు. 1940 దశకంలో చాకలి ఐలమ్మ తన పంటను దొర గడీకి పోనివ్వకుండ నిలబడిన నేల ఇది. కడుపునిండ అన్నం తినగలగడం ఇక్కడి పెద్దల దృష్టిలో గౌరవానికి గుర్తు. అటువంటి చోట అన్నమే శత్రువని చెప్పడం తేలిక కాదు, అవసరమూ కాదు.

అయితే లెక్క మాత్రం చూడవలెను. 2025 ఉగాదినుండి తెలంగాణలో ఆహార భద్రతా కార్డులో పేరున్న ప్రతి మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. అంటే దినానికి 200 గ్రాములు. మార్గదర్శక పళ్లెంలోని 250 గ్రాముల ధాన్యంలో ఐదింట నాలుగు వంతులు దీనితోనే సమకూడుతున్నవి. స్వంత పొలం వడ్లు ఉన్న ఇంట్లో 250 గ్రాములు దాటడానికి అడ్డు లేదు. పప్పు, కూరగాయలు, పాలు మాత్రం కొనుక్కోవలసిందే. కనుక పళ్లెంలో చవకైనది పెరుగుతుంది, ప్రియమైనది తగ్గుతుంది. ఇది అజ్ఞానంవల్ల కాదు, ఆర్థిక సూత్రంవల్ల.

ఫలితం మాంసకృత్తుల లోటు. మనిషికి కిలో బరువుకు దినానికి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. నూరు గ్రాముల బియ్యంలో ఉన్నవి సుమారు 8 గ్రాములు. అన్నంతోనే 50 గ్రాములు సంపాదించవలెనంటే 625 గ్రాముల బియ్యం తినవలెను. అది 2200 కేలరీలు పైమాట. నీడపట్టున ఉండే మనిషికి దినమంతటికీ కావలసిన శక్తి అక్కడే దాటిపోయింది. పైగా బియ్యంలోని మాంసకృత్తులలో లైసిన్ తక్కువ. పప్పులో లైసిన్ ఎక్కువ, మెథియొనిన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఒకటి తీర్చుకుంటవి. 85 గ్రాముల కందిపప్పులో సుమారు 19 గ్రాముల మాంసకృత్తులు ఉన్నవి. 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పు, 300 మిల్లీలీటర్ల పాలు, 35 గ్రాముల వేరుశనగలు కలిపితే 55 గ్రాములు దాటుతవి. ఏ మాత్రా, ఏ పొడీ అక్కరలేదు.

ప్రసిద్ధ పథ్యాలు మూడూ ధాన్యం వైపే చూస్తున్నవి. ఒకటి మానమంటుంది, ఒకటి మార్చమంటుంది, మరొకటి ధాన్యం బదులు రసం పోయమంటుంది. పాలకుర్తి పళ్లెంలోని అసలు ఖాళీ పప్పు స్థానంలో ఉన్నదన్న సంగతిని మూడింటిలో ఏదీ గట్టిగా చెప్పడంలేదు. కొవ్వు పథ్యమైతే పప్పును కూడ వెళ్లగొడుతున్నది.

సూత్రాలకూ విమర్శ తప్పదు

పథ్యాలను విమర్శించిన చేతితోనే మార్గదర్శక సూత్రాలను కూడ పరీక్షించడం న్యాయం. నలుగురున్న కుటుంబానికి ఆ పళ్లెం ప్రకారం దినానికి 2 కిలోల కూరలు, పండ్లు, 1.2 లీటర్ల పాలు, 340 గ్రాముల పప్పు, 140 గ్రాముల గింజలు కావలెను. ఊరి అంగడి ధరలతో ఈ లెక్క కట్టి చూస్తే, కూలి పని దొరకని రోజున ఆ కుటుంబం ఏమి చేయగలదో తెలుస్తుంది. ఈ పళ్లెం 2000 కేలరీల మనిషికి ఉద్దేశించినది కూడ. మధ్యస్థమైన శ్రమ చేసే పురుషునికి సుమారు 2700 కేలరీలు కావలెనని అదే సంస్థ చెబుతున్నది. పొలంలో పనిచేసే మనిషి 250 గ్రాముల ధాన్యంతో సరిపెట్టుకోవలెనని ఎవరైనా చెబితే అది సూత్రాన్ని తప్పుగా చదవడమే. సూత్రం శాస్త్రసమ్మతమైనదే, కాని స్థానికమైన పంటల భాషలోకి అనువదించనిదే అది గోడమీది పటంగానే మిగిలిపోతుంది.

ఆ అనువాదం అసాధ్యం కాదు. ఒలివ్ నూనె, బాదంపప్పు ఈ నేల పంటలు కావు. పెసలు, కందులు, అనుములు, బొబ్బెర్లు, ఉలవలు ఈ నేలవే. వానకాలంలో పొలం గట్లమీద గంగవాయిలి కూర, పెరట్లో తోటకూర, పుంటికూర ఖర్చు లేకుండ దొరుకుతవి. చెరువు చేప, కోడిగుడ్డు చక్కని మాంసకృత్తులు. పచ్చిపులుసుతో ముగించే భోజనానికి ఒక గిన్నె గట్టిపప్పు చేర్చడం పెద్ద పట్టణపు సలహా ఏమీ కాదు.

నాలుగు ప్రశ్నలు

ఇకముందు కూడ కొత్త పథ్యాలు వస్తూనే ఉంటవి. వాటి పేర్లు గుర్తుపెట్టుకోవడం కంటె వాటిని పరీక్షించే పద్ధతి నేర్చుకోవడం మేలు. పాఠశాలలో ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఈ నాలుగు ప్రశ్నలు వేయించవచ్చును.

మొదటిది: ఈ పథ్యం పళ్లెంలోనుండి ఏమి తీసివేసింది? రెండవది: ఆ స్థానంలో ఏమి పెట్టింది, దానివలన ఏ పోషకం లోపిస్తున్నది? మూడవది: ఇది ఎవరికి, ఎంతకాలానికి? పెరిగే పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు, మూత్రపిండాల రోగులకు, మందులు వాడేవారికి ఇది తగునా? నాలుగవది: నెలకు దీని ఖర్చెంత, ఇంటిల్లిపాదీ దీనిని ఏళ్ల తరబడి పాటించగలరా?

ఇంకొక సులభమైన ప్రయోగం కూడ ఉన్నది. ప్రతి విద్యార్థీ తన ఇంట్లో ఒక వారంలో వండిన బియ్యం ఎంత, పప్పు ఎంత అని వ్రాసుకొని నిష్పత్తి కట్టవలెను. మార్గదర్శక పళ్లెంలో ధాన్యానికి, పప్పుకు గల నిష్పత్తి దాదాపు 3కు 1. ప్రాథమికోన్నత తరగతుల మధ్యాహ్న భోజనానికి నిర్ణయించిన 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు లెక్కలో అది 5కు 1. ఇంటి నిష్పత్తి ఎంత వచ్చినదో చూచుకుంటే, ఏ వక్త ఉపన్యాసం వినకుండనే ఆ ఇంటికి కావలసిన మార్పేదో తెలిసిపోతుంది.

2023లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో వయోజనులలో 11.4 శాతం మందికి, అంటే 10 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. వారిలో ఎవరో ఒకరు ప్రతి విద్యార్థి బంధువర్గంలోను ఉంటారు. తాతయ్యో, నాయనమ్మో ఎవరి మాటో విని మాత్రలు మానివేద్దామనుకున్న రోజున, ముందుగా డాక్టరుకు చెప్పి ఆ పని చేయమని అడిగేపాటి తెలివి ఇంట్లో చదువుకుంటున్న పిల్లలకు ఉంటే ఈ పాఠం సార్థకమైనట్లే. మిగిలినవారికి పథ్యం పేరు ఏదైనా అక్కరలేదు. రెండవసారి వడ్డించుకునే అన్నాన్ని సగం తగ్గించి, ఆ చోట ఒక గరిటె పప్పు, ఒక గరిటె కూర వేసుకుంటే చాలును. ఈ పద్ధతికి ప్రచారకులు లేరు గాని, దీనిని జీవితాంతం పాటించడానికి అడ్డంకీ లేదు.